పచ్చ చుక్క పడితే చావేనా? నా ఫాలికిల్ ప్రాజెక్టు డైరీ

మొదటి వారం

ఈ డైరీ ముందే మొదలుపెట్టాల్సింది కానీ మొదటి రోజుల్లో రాయడానికి ఏమీ లేదు, బఫర్లు కలపడం, సీసాల మీద లేబుళ్ళు అంటించడం తప్ప. ఇప్పుడు పని కాస్త కదిలింది.

ప్రాజెక్టు ఏంటంటే, ఎలుక అండాశయంలోంచి ఒక్కో అండకణాన్ని చుట్టుకుని ఉండే కణాల సంచుల్ని, అంటే బాగా ఎదిగిన ఫాలికిల్స్‌ని ఒలిచి తీసి, సీరం లేని మీడియంలో 24 గంటలు ఉంచితే వాటిలో అండకణం చుట్టూ ఉండే గ్రాన్యులోసా కణాలు ఎవరూ ఏమీ చేయకుండానే చనిపోవడం మొదలుపెడతాయి. అదే మీడియంలో ఎఫ్‌ఎస్‌హెచ్ (ఫాలికిల్స్‌ని పెంచే హార్మోన్) కలిపితే ఆ చావు బాగా తగ్గుతుంది. ఇదేమీ కొత్త సంగతి కాదు, 1990లలోనే తేలిపోయింది. నా పని దాన్ని నా చేతులతో మళ్ళీ చేసి చూపించడం, అది నమ్మదగ్గట్టు వచ్చాక ఎఫ్‌ఎస్‌హెచ్ ఏ దారిలో కాపాడుతోందో చూడటానికి ఆ దారిలో ఒకచోట అడ్డం వేయడం. కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత, నేను ఎలుకను పట్టుకుని కొండ తవ్వుతున్నాను.

అసలు ఈ చావు మీద ఇంత ఆసక్తి ఎందుకో ఒకసారి చెప్పేస్తాను. మనిషి లెక్కే చూడండి. కడుపులో ఉన్న ఆడపిండానికి 20 వారాలప్పుడు అండాశయాల్లో 60 నుంచి 70 లక్షల బీజకణాలు ఉంటాయి. పుట్టేసరికి 10 నుంచి 20 లక్షలు. రజస్వల అయ్యేనాటికి 3, 4 లక్షలు. జీవితం మొత్తంలో విడుదలయ్యేవి ఓ 400. మిగతావన్నీ ఎక్కడికి పోయాయి? పుండు లేదు, వాపు లేదు, నొప్పి లేదు, నిశ్శబ్దంగా కరిగిపోయాయి. ఫాలికిల్ ఇలా క్షీణించిపోవడాన్ని అట్రీషియా అంటారు, దాని వెనక నడిచేది అపోప్టోసిస్, అంటే కణం తన దగ్గరున్న పనిముట్లతోనే తనను తాను ముక్కలు చేసుకోవడం. 1972లో కెర్, వైలీ, కరీ ఈ పేరు పెట్టినప్పుడు చెట్టు నుంచి ఆకులు రాలడం అనే అర్థం వచ్చే గ్రీకు మాట తీసుకున్నారు. అండాశయాన్ని అండాలు తయారుచేసే అవయవం అని చదువుకున్నాం కానీ, ఈ లెక్క చూశాక అది ఎక్కువగా చేసేది ఏరివేతే అనిపిస్తుంది నాకు.

ఇంకో మాట కూడా ఇక్కడే రాసుకోవాలి, తర్వాత మర్చిపోతాను. చిన్న ఫాలికిల్స్‌లో ముందు చనిపోయేది అండకణం. లోపల నీటి గది ఏర్పడ్డ పెద్ద ఫాలికిల్స్‌లో మాత్రం ముందు పోయేవి చుట్టూ ఉన్న గ్రాన్యులోసా కణాలు, అండకణం చాలాసేపు బాగానే ఉంటుంది. నేను చూసేది ఈ రెండో రకాన్నే.

మొదటి వారం చివర

ఫాలికిల్ ఒలవడం నేర్చుకుంటున్నాను. 26 రోజుల వయసున్న ఎలుకలకు ఈసీజీ హార్మోన్ ఇస్తే (గుండెకు తీసే ఈసీజీ కాదు, గర్భంతో ఉన్న గుర్రం రక్తం నుంచి తీసే హార్మోన్) 48 గంటల్లో ఒకే వయసున్న పెద్ద ఫాలికిల్స్ గుంపుగా తయారవుతాయి. నైతిక కమిటీ అనుమతి వచ్చిన సంఖ్యకు మించి ఒక్క జంతువు కూడా వాడకూడదు, కాబట్టి ప్రతి అండాశయమూ విలువైనదే. స్టీరియో మైక్రోస్కోపు కింద సన్నని సూదులు రెండు పట్టుకుని, చుట్టూ ఉన్న కణజాలాన్ని తప్పించి ఫాలికిల్‌ని పగలకుండా బయటికి తీయాలి. దాని సైజు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. మొదటి రోజు రెండు గంటలు కష్టపడితే చేతికొచ్చినవి 5, పగిలినవి ఎన్నో లెక్కపెట్టలేదు. "చెయ్యి వణికితే శ్వాస వదిలేటప్పుడు కదుపు" అంది మా సీనియర్ అక్క. నవ్వొచ్చింది కానీ నిజంగానే పనిచేసింది.

రెండో వారం

మొదటి కల్చర్ (ఫాలికిల్స్‌ని మీడియంలో ఉంచడం) అయింది. డీఎన్ఏ తీసి జెల్ మీద పరిగెత్తించాను (కరెంటు పెడితే ముక్కలు సైజు వారీగా విడిపోతాయి). నాకు కావలసింది నిచ్చెన, వచ్చింది పొగ.

నిచ్చెన ఎందుకు రావాలంటే, మన డీఎన్ఏ హిస్టోన్లనే ప్రోటీన్ల ఉండల చుట్టూ దారంలా చుట్టుకుని ఉంటుంది. అపోప్టోసిస్‌లో పనిచేసే కత్తెర ఎంజైము ఉండ మీద కోయలేదు, ఉండకీ ఉండకీ మధ్య ఖాళీలోనే కోస్తుంది. అందుకే ముక్కలు దాదాపు 180 నుంచి 200 బేస్ జతలకు ఒకటి, రెండు, మూడు రెట్లుగా వచ్చి జెల్ మీద మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. గ్రాన్యులోసా కణాల్లో ఈ మెట్లను 1991లో చూపించారు, ఫాలికిల్ క్షీణత అంటే అపోప్టోసిస్సే అన్న మాటకు బలం వచ్చింది అక్కడే. పొగ వచ్చిందంటే కోత అడ్డదిడ్డంగా జరిగిందని, అంటే కణాలు పద్ధతిగా చావలేదు, ఊపిరాడక కుళ్ళాయి.

కారణం రెండు చోట్ల దొరికింది. ఒకటి, కల్చర్ పళ్ళెంలోని చిన్న గుంటలో ఫాలికిల్స్‌ని కుక్కేశాను. గ్రాన్యులోసా పొరలోకి రక్తనాళాలు వెళ్ళవు, బయటి నుంచి ఇంకినంత ఆక్సిజనే దిక్కు, శరీరంలో అయితే చుట్టూ ఉన్న థీకా పొరలో రక్తం పారుతుంటుంది, నా గుంటలో ఎవరు పారిస్తారు? గుంటకి తక్కువ ఫాలికిల్స్ పెట్టి, ఆక్సిజన్ ఎక్కువున్న గ్యాస్ మిశ్రమం పంపి మూత బిగించాలి. రెండోది నా తొందర. చిన్న డీఎన్ఏ ముక్కలు ఆల్కహాల్‌లో అంత తేలిగ్గా అడుగుకి దిగవు, రాత్రంతా చలిలో ఉంచాలి, తోడుగా కాస్త గ్లైకోజెన్ వేయాలి. నేను అరగంట ఉంచి తిప్పేసి పైది పారబోశాను, నాకు కావలసిన మెట్లు ఆ పారబోసిన దాంట్లోనే పోయాయి.

మూడో వారం

మెట్లు! సీరం లేని గుంటలో స్పష్టంగా నాలుగైదు, ఎఫ్‌ఎస్‌హెచ్ ఉన్న గుంటలో కళ్ళు చికిలించి చూస్తే ఒకటో రెండో. ఫోటో తీసి గ్రూపులో పెట్టేశాను, మేడమ్ మాత్రం "మంచిదే, మరి సున్నా గంట ఎక్కడ?" అని ఒక్క ముక్కే పంపారు. అప్పటికి ఆ మాట నా బుర్రకెక్కలేదు. ఏదో అడుగుతున్నారులే, తర్వాత చేద్దాం అనుకున్నాను. దీనికి తర్వాతి నెల వడ్డీతో సహా కట్టాల్సి వచ్చింది.

నాలుగో వారం నుంచి ఆరో వారం దాకా

జెల్ ఎంత బాగా వచ్చినా ఏ కణం చనిపోయిందో చెప్పదు, అన్నిటినీ కలిపి రుబ్బేస్తాం కదా. అందుకని టనెల్. 1992లో వచ్చిన పద్ధతి, ఆలోచన చాలా తేలిక: తెగిన డీఎన్ఏ కొసలకు టీడీటీ అనే ఎంజైము రంగు అంటించిన అక్షరాలను తగిలిస్తుంది, కొసలు ఎక్కువున్న కేంద్రకం పచ్చగా వెలుగుతుంది. ఫాలికిల్స్‌ని స్థిరీకరించి, పారాఫిన్ బ్లాకు చేసి, 5 మైక్రాన్ల సెక్షన్లు కోసి, చేశాను.

అన్నీ పచ్చగా వెలిగాయి. గ్రాన్యులోసా, థీకా, అండకణం, అన్నీ. ఎఫ్‌ఎస్‌హెచ్ ఇచ్చినవి, ఇవ్వనివి, తేడా లేదు.

మొదట అనుకున్నది సహజ మెరుపు అని. ఎర్ర రక్తకణాలు పచ్చ ఫిల్టరులో వాటంతట అవే మెరుస్తాయి, అండాశయంలో వాటికి కొదవ లేదు. కానీ ఎంజైము వేయని స్లైడు తీసి చూస్తే రక్తకణాలు తప్ప మిగతాదంతా చీకటే. అంటే ఆ పచ్చదనం నిజంగా ఎంజైము పెట్టిందే, నిజంగా తెగిన కొసలే. కంట్రోల్ శుభ్రంగా ఉంది కాబట్టి ఫలితం నిజం అని రెండు రోజులు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఎఫ్‌ఎస్‌హెచ్ పాడైపోయి ఉంటుంది, అందుకే రెండు గుంటల్లోనూ చచ్చాయి అని ఒక కథ కూడా అల్లేశాను. హార్మోన్ నిజంగానే పలచని ద్రావణంలో ప్లాస్టిక్ గోడలకు అంటుకుపోతుంది, కాస్త ఆల్బుమిన్ కలపకపోతే గొట్టంలో ఉన్నది గుంటలోకి రాదు, కాబట్టి కథకు ఆధారం కూడా దొరికింది.

సీనియర్ అక్కకి చూపించాను. ఆమె స్లైడు ఒక నిమిషం చూసి, "కల్చర్ చేయని ఫాలికిల్ ఎలా ఉంది?" అంది. లేదు అన్నాను. "ఎలుకలోంచి తీసిన వెంటనే ఫిక్స్ చేసింది ఒక్కటీ లేదా?" లేదు. అప్పుడు గుర్తొచ్చింది మేడమ్ అడిగిన సున్నా గంట.

చేశాను. తీసిన నిమిషంలో ఫార్మలిన్‌లో వేసిన, ఆరోగ్యంగా ఉండాల్సిన ఫాలికిల్ కూడా అంతే పచ్చగా వెలిగింది. కడుపులో చల్లగా అనిపించింది, కానీ ఒక్క దెబ్బతో సగం కథలు ఎగిరిపోయాయి: తప్పు హార్మోన్‌లో లేదు, కల్చర్‌లో లేదు, స్లైడు తయారీలో ఉంది.

ఆ తర్వాత పది రోజులు ఒక్కోటీ విడదీసుకుంటూ పోయాను. ప్రోటీనేజ్ కె సమయం తగ్గించాను. కణంలోకి ఎంజైము వెళ్ళడానికి దారి చేయాలని ఇది వేస్తాం, ఎక్కువసేపు ఉంచితే కేంద్రకం కూడా చెదిరిపోతుంది. 30 నిమిషాల నుంచి 10కి తెచ్చాను. అంచులు చక్కగా వచ్చాయి, పచ్చదనం మాత్రం అలాగే ఉంది. స్థిరీకరణ ఆలస్యమైతే కణజాలం దానంతట అదే కరగడం మొదలుపెట్టి తెగిన కొసలు ఇస్తుంది, అదీ చూశాను, కాదు. చివరికి దొరికిన దొంగ ఏంటంటే, కడిగే జాడీ.

టనెల్‌కి ఒక పాజిటివ్ కంట్రోల్ స్లైడు ఉంటుంది, దాని మీద కావాలనే డీఎన్ఏజ్ వేసి డీఎన్ఏ అంతా కోసేస్తాం, అది తప్పకుండా వెలగాలి. నేను ఆ స్లైడుని మిగతా వాటితో కలిపి ఒకే జాడీలో కడిగాను. డీఎన్ఏజ్ నీళ్ళలో కలిసి పక్క స్లైడ్లన్నిటి మీదా తన పని తాను చేసుకుపోయింది. ఇందులో నన్ను ఎక్కువ బాధపెట్టేది, ఎంజైము లేని కంట్రోల్ ఈ తప్పును పట్టుకోలేకపోవడం. దాని డీఎన్ఏ కూడా కోతపడింది, అయితే రంగు అంటించే టీడీటీ దాంట్లో లేదు కాబట్టి చీకటిగా, అమాయకంగా కూర్చుంది. కంట్రోల్ శుభ్రంగా ఉంది అని నేను మురిసిపోయింది దీన్ని చూసే. ఏ కంట్రోల్ ఏ తప్పును పట్టుకుంటుందో, దేన్ని పట్టుకోలేదో రెండు నిలువు వరుసలు గీసి గోడకి అంటించాను. సున్నా గంట గడి చుట్టూ ఎర్ర పెన్నుతో గీత.

ఏడో వారం

జాడీలు వేరు చేశాక మొదటి స్లైడ్లు. సున్నా గంట ఫాలికిల్‌లో అక్కడో చుక్క ఇక్కడో చుక్క. 24 గంటలు సీరం, హార్మోన్ లేకుండా ఉన్నదాంట్లో నీటి గది వైపున్న పొరల్లో గుంపులుగా చుక్కలు, కొన్ని ఊడిపోయి గది మధ్యలో తేలుతున్నాయి. ఎఫ్‌ఎస్‌హెచ్ ఉన్నదాంట్లో బాగా తక్కువ. ఇన్నాళ్ళకి బొమ్మ చూస్తే పాఠం గుర్తొచ్చింది.

నాకు బాగా నచ్చింది మాత్రం అండకణం చుట్టూ ఉన్న క్యుములస్ కణాలు. గోడకున్న చుట్టాలు రాలిపోతున్నా ఇవి చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆవు ఫాలికిల్స్‌లో ఈ పని చేసినవాళ్ళు 2005లో చూపించినదేంటంటే, అండకణం బీఎంపీ-15 లాంటి ప్రోటీన్లు వదులుతూ దగ్గరున్న క్యుములస్ కణాలను అపోప్టోసిస్ నుంచి కాపాడుతుంది. అండకణాన్ని తీసేస్తే ఆ రక్ష పోతుంది. అంటే అండకణం చుట్టూ ఉన్నవాళ్ళు పోషిస్తే బతికే పసిపిల్ల ఏమీ కాదు, తన కాపలా వాళ్ళను తానే నిలబెట్టుకుంటుంది.

ఎనిమిదో వారం

ఇప్పుడు లోపలి దారి. క్లుప్తంగా నాకు అర్థమైనంత రాసుకుంటాను. బతకాలా చావాలా అన్నది చాలావరకు మైటోకాండ్రియా పొర దగ్గర తేలుతుంది. బీసీఎల్-2 లాంటివి ఆ పొరను కాపాడతాయి, బాక్స్ అనే ప్రోటీన్ (డబ్బా బాక్స్ కాదు, ల్యాబ్‌లో ఈ జోకు రోజుకొకరు వేస్తారు) దానికి కన్నం పెడుతుంది. కన్నం పడితే సైటోక్రోమ్ సి బయటికొస్తుంది, ప్రోటీన్లను కోసే ఎంజైములు కాస్పేస్-9, దాని వెనకే కాస్పేస్-3 నిద్రలేస్తాయి. కాస్పేస్-3 ఒక కావలి ప్రోటీన్‌ని కోస్తే దాని చేతిలో బందీగా ఉన్న కత్తెర ఎంజైము విడుదలై డీఎన్ఏ మీద పడుతుంది, రెండో వారంలో నేను వెతికిన మెట్లు దాని చేతిపనే. ఎఫ్‌ఎస్‌హెచ్ వచ్చి రిసెప్టర్‌కి తగిలితే కణం లోపల కబురు మోసే సైక్లిక్ ఏఎంపీ పెరుగుతుంది, ఏకేటీ అనే ఎంజైము మేలుకుంటుంది, అది చావు వైపు లాగే ప్రోటీన్లకు ఫాస్ఫేటు తగిలించి పక్కన కూర్చోబెడుతుంది. ఐజీఎఫ్-1 అనే పెరుగుదల ప్రోటీన్ కూడా ఏకేటీ దగ్గరికే వస్తుంది. ఈస్ట్రోజెన్ కాపాడుతుంది, ఆండ్రోజెన్ ఎక్కువైతే చావు వైపు తోస్తుంది, ఇది ఎలుకల్లో 1993లో చూపించారు.

ఎలుక జాతి చుంచుల్లో చేసిన ప్రయోగాలు రెండు నా మనసులో నాటుకుపోయాయి. 1999లో, బాక్స్ జన్యువు లేని ఆడ చుంచుల్లో ముసలితనంలో కూడా ఫాలికిల్స్ మిగిలే ఉన్నాయి. 2001లో, కాస్పేస్-3 లేని చుంచుల్లో గ్రాన్యులోసా కణాలు సరిగ్గా చావలేక ఫాలికిల్‌లో అలాగే ఉండిపోయాయి, అండకణాలు మాత్రం మామూలుగానే చనిపోయాయి. ఒకే అవయవం, పక్కపక్కన కణాలు, వేరువేరు తాళాలు.

కాబట్టి కోతపడిన కాస్పేస్-3ని చూడాలి. ప్రోటీన్లను సైజు వారీగా విడదీసి, ఒక పొర మీదికి దించి, కావలసినదాన్ని యాంటీబాడీతో వెతికే పద్ధతి వెస్టర్న్ బ్లాట్. వెస్టర్న్ బ్లాట్‌లో కోయని రూపం 35 దగ్గర కనబడింది, కోసిన ముక్క 17 కిలోడాల్టన్ల దగ్గర రావాలి, రాలేదు. ఇక్కడ ఎక్కువ ఏడవలేదు, ఎందుకంటే స్టారోస్పోరిన్‌తో చంపిన కణాల్లో కూడా రాలేదు, అది తప్పకుండా రావాలి. పొర రంధ్రాలు 0.45 మైక్రాన్లవి, చిన్న ప్రోటీన్ వాటిలోంచి దూరి అవతలికి పోయింది. 0.2 మైక్రాన్ల పొర వేసి, ట్రాన్స్‌ఫర్ సమయం తగ్గిస్తే వచ్చింది. ఒక్క రోజులో తేలింది, టనెల్‌కి మూడు వారాలు పట్టింది. గోడ మీద పట్టిక పనిచేస్తోంది.

సెక్షన్ల మీద కూడా అదే యాంటీబాడీ వేసి టనెల్ పక్కన పెట్టి చూస్తే రెండూ ఒకే కణాల్లో పడలేదు. కాసేపు టెన్షన్ పడ్డాను. తర్వాత ఆలోచిస్తే, కాస్పేస్ ముందు లేస్తుంది, డీఎన్ఏ తర్వాత తెగుతుంది, కొన్ని కణాలు మొదటి మెట్టు మీద, కొన్ని చివరి మెట్టు మీద ఉంటే రెండు రంగులూ కలిసి కనబడేది మధ్యలో ఉన్నవాటిలోనే. సున్నా గంటలో రెండూ దాదాపు లేవు, అది చూశాకే ఊపిరి పీల్చుకున్నాను.

తొమ్మిదో వారం

లెక్కింపు. చుక్కలు నేనే లెక్కపెడితే ఎఫ్‌ఎస్‌హెచ్ స్లైడ్ల మీద సందేహం వచ్చిన ప్రతి చుక్కనీ దుమ్ము అని వదిలేస్తున్నానని నాకే అర్థమైంది. పక్క బెంచి అబ్బాయిని లేబుళ్ళ మీద కాగితం అంటించి నంబర్లు వేయమన్నాను. ఒకే ఫాలికిల్‌ని రెండుసార్లు లెక్కపెట్టకుండా అండకణం కేంద్రకం కనబడిన సెక్షన్‌లోనే చూడాలని నియమం పెట్టుకున్నాను. కాగితాలు తీశాక, తేడా ఉంది, అయితే నేను అంతకుముందు చూసినంత పెద్దది కాదు. మూడు విడతల్లో రెండు చక్కగా వచ్చాయి, మూడోదాంట్లో ఎఫ్‌ఎస్‌హెచ్ సరిగా కాపాడలేదు. నోట్‌బుక్ తిరగేస్తే ఆ విడతలో వాడిన హార్మోన్ గొట్టం అప్పటికే నాలుగుసార్లు కరిగించి గడ్డకట్టించింది. ఇప్పుడు ఒక్కసారి వాడే మోతాదుల్లో చిన్న గొట్టాలు చేసి పెట్టాను. ఆ మూడో విడతను తీసేయాలని లేదు, పక్కన కారణం రాసి అలాగే ఉంచుతాను.

పదో వారం

మొదటి అడ్డం. ఏకేటీకి ముందుండే పీఐ3 కైనేజ్‌ని ఆపే ఎల్‌వై294002 అనే మందుని ఎఫ్‌ఎస్‌హెచ్‌తో కలిపి ఇచ్చాను. చుక్కలు మళ్ళీ పెరిగాయి, హార్మోన్ లేని గుంటకి దగ్గరగా. చూడగానే లేచి గంతేయాలనిపించింది, గ్రూపులో ఫోటో పెట్టబోయి ఆగాను. గోడ వైపు చూశాను. మందుని కరిగించిన డీఎంఎస్‌ఓ ఒక్కటే వేసిన గుంట ఉంది, అది బాగానే ఉంది. సున్నా గంట ఉంది. ఎఫ్‌ఎస్‌హెచ్ లేకుండా మందు ఒక్కటే వేసిన గుంట లేదు, ఆ రోజు ఫాలికిల్స్ చాలక దాన్ని వదిలేశాను. ఈ మందు హార్మోన్‌తో సంబంధం లేకుండా తనంతట తానే కణాలను చంపుతుంటే నేను చూసింది ఎఫ్‌ఎస్‌హెచ్ దారి మూసుకోవడం కాదు, ఉత్త విషం.

వచ్చే విడత ఎలుకలకు గురువారం హార్మోన్ ఇస్తారు, శనివారం ఒలవాలి. ఈసారి గుంటలు ముందే గీసుకున్నాను: మందు ఒక్కటే వేసేదానికి 6 ఫాలికిల్స్, అవి పూర్తయ్యాకే మిగతావి. డీఎన్ఏజ్ జాడీకి ఎర్ర టేపు చుట్టి వేరే అరలో పెట్టాను. ఇందాక ఎవరో కొత్తగా చేరిన అమ్మాయి దాన్ని తీసి "అక్కా, ఇది ఖాళీగానే ఉంది కదా, వాడుకోనా?" అంది. వద్దమ్మా అని, కుర్చీ లాగి కూర్చోబెట్టి మొత్తం కథ చెప్పాను.